రోజుకు మూడు పేపర్లు

అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కలు రాసిన నాలుగో రోజున అశ్విత జ్వరంతో పోయింది. ఆ తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దాల్సిన లెక్కల టీచరు రూబీ, అశ్విత తల్లి.

ఉదయగిరిలో ఆమె ఇంటికొచ్చిన వాళ్లందరి దగ్గరా ఒకటే మందు. "పనిలో పడితే మరిచిపోతావమ్మా." మరిచిపోవడమేదో గొప్ప చదువైనట్టు, తాము అందులో ఫస్టుక్లాసులో పాసైనట్టు చెప్పేవాళ్లు. ఒకరోజు రూబీ వాళ్ల మాట విని కట్ట మొత్తం ముందేసుకుంది. పదో పేపరు దగ్గర పెన్ను పడేసి లేచిపోయింది. వారం రోజులు మంచం దిగలేదు.

ఆత్మకూరు డాక్టరమ్మ ఓదార్చలేదు. "రోజుకు మూడే. ఇంకోటి దిద్దగలను అనిపించినప్పుడే ఆపేయండి. పాప పేపరు అడుగున పెట్టండి. దాన్ని ఎప్పుడు తీయాలో మీరే చెప్పాలి" అంది.

రూబీ అలాగే చేసింది. స్టాఫ్‌రూములో మూడు పేపర్లు దిద్దడం, కట్టకు దారం ముడి వేయడం. హెడ్మాస్టరు జనార్దనయ్యకు ఆ ముడి కంట్లో నలుసైంది.

"ఏంది మేడమ్, దినానికి మూడా? కోడి గింజలేరినట్టుండాదే!"

"డాక్టరు చెప్పినారు సార్."

"డాక్టర్లకేం, చెప్తారు. శనివారానికి మార్కులు ఎక్కించాల."

శుక్రవారం ఆమె వచ్చేసరికి ముడి విప్పి ఉంది. అడుగున ఉండాల్సిన పేపరు పైనుంది. దాని మీద ఎర్ర సిరాతో నూటికి నూరు.

"మీకు భారం లేకుండా నేనే వేసేసినా. బంగారు తల్లి!" జనార్దనయ్య దండ వేయించుకోబోయేవాడిలా నిలబడ్డాడు.

అశ్వితకు లెక్కల్లో ఎప్పుడూ నలభై దాటలేదు. మైనస్ గుర్తులు మింగేసేది.

"చదివినారా సార్?"

"చదివేదేముండాది మేడమ్? పోయిన బిడ్డకి..."

"పోయిన బిడ్డే కష్టపడి చేసింది సార్. ఎట్ట చేసిందో చూడొద్దా?"

చదవని పేపరుకు మార్కులు వేసేవాణ్ణి రూబీ టీచరుగా లెక్కలోకి తీసుకోదు. స్కేలు పెట్టి ఆ నూరును కొట్టేసింది. నిబంధన ప్రకారం పక్కన పొట్టి సంతకం పెట్టింది. పేజీ తిప్పకుండానే పేపరును అడుక్కి తోసి ముడి వేసింది. ఆ రోజు మూడు కూడా దిద్దలేదు.

"మరి మార్కులు?" అన్నాడాయన.

"శనివారానికి కావు సార్."

నెలాఖరుకు మిగతా పేపర్లన్నీ అయ్యాయి. అశ్విత పేపరు ఇంకా దిద్దలేదు.