ఫర్నేసు తలుపు మీది సూదులు

తెర మీద కార్బన్ డయాక్సైడ్ గీత మళ్లీ నిటారుగా లేచింది. మిథనాల్ ఫార్మాల్డిహైడ్‌గా మారి అక్కడే ఆగాలి. ఆగడం లేదు, మొత్తం కాలిపోతోంది.

ఆ మార్పును నడపాల్సింది ఇనుము, మాలిబ్డినం ఆక్సైడ్లు కలిపి జమున చేసిన ఉత్ప్రేరకం. ఆమె పీహెచ్‌డీ అంతా ఆ పిడికెడు పొడి మీదే నిలబడింది.

హైదరాబాద్ కంపెనీ నుంచి పరీక్ష చూడటానికి వచ్చిన ఉమారాణి పెన్ను మూసేసింది.

"తప్పు మా స్టూడెంట్‌ది మేడం," గైడ్ భానుప్రసాద్ అందరి ముందే అన్నాడు. "పాత ఫలితాల మీద గూడ నాకిప్పుడు డౌటే. థీసిస్ మీద సంతకం పెట్ట."

"పొడి నాదే సార్. గని ఎవరో దాన్ని ఫర్నేసుల మళ్ల కాల్చిండ్రు."

"ఎవరు? దయ్యమా?"

జమున నేరుగా వెళ్లి ఫర్నేసు తెరిచింది. తలుపు లోపలి అంచున సన్నని తెల్లని సూదులు మెరుస్తున్నాయి.

"చూడుండ్రి మేడం. వేడి ఎక్కువైతే మాలిబ్డినం ఆవిరై, చల్లగున్న కాడ గిట్ల పేరుకుంటది. మిగిలిన ఇనుము దేన్నీ ఆగనియ్యది, అంత కాల్చి పారేస్తది. నేనైతే ఐదు వందల డిగ్రీలు దాటలే."

భానుప్రసాద్ దగ్గరకు జరిగి గొంతు తగ్గించాడు. "తప్పయిందని ఒప్పుకో. సంతకం సంగతి నేను చూసుకుంట."

గోదావరిఖనిలో జమున బాపు బొగ్గుబాయి దోస్తులందరికీ అప్పుడే చెప్పుకున్నాడు, బిడ్డ డాక్టరైతదని. అయినా జమున ఫర్నేసు తలుపు మూయలేదు.

"మళ్లీ కాల్చాల్సిన అవసరం ఎవరికుంది?" ఉమారాణి అడిగింది.

"పొడి ఎక్స్‌రే గీతల శిఖరాలు మొద్దుగున్నయి, వేడికి మొనదేలుతయి, కంపెనోళ్లకు కత్తుల లెక్క కనబడాలె, ఇంక కాల్చమని ఒకరు నన్నడిగిండ్రు. పొడి సస్తదని నేనొప్పుకోలే."

ఉమారాణి కనుబొమలు ముడిపడ్డాయి. "పొద్దున మాకు చూపించిన స్లైడులో ఆ శిఖరాలు కత్తుల్లాగే ఉన్నాయి."

"ఫర్నేసు ఐదు వందల డిగ్రీల కాడ లాక్ అయితది మేడం, పైకి పోదు. లాక్ తీసే నంబరు ల్యాబుల ఒక్కరికే ఎరుక. సంపత్, నిన్న ఈడనే ఉన్నవ్ గద? చెప్పు."

పక్క టేబుల్ దగ్గరి సంపత్ నేల చూపులు చూశాడు. అతని థీసిస్ కూడా అదే సంతకం కోసం ఎదురుచూస్తోంది.

"జర నోరు తెరువురా!"

సంపత్ తన నోటుబుక్కు మీదికి వంగాడు.

"ఎవరమ్మా ఆ ఒక్కరు?" ఉమారాణి అడిగింది.

ఇన్నేళ్లూ ప్రతి మాట చివర అలవాటుగా వచ్చిన 'సార్' ఈసారి జమున నాలుక మీదికి రాలేదు.

"భానుప్రసాద్."