కోడలి సంచిలో మామిడికాయ తొక్కు

మా కోడలు రచన సైన్యంలో చేరిందని తెలిసినప్పుడు నేను దానితో రెండు రోజులు మాట్లాడలేదు. ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ పని నేర్చుకుంటున్న పిల్లకు తుపాకులవాళ్లతో ఏం పని?

"చదువుకు స్టైపెండ్ వాళ్లే ఇస్తుండ్రు అత్తమ్మా. అందుకే వీకెండ్ల ట్రైనింగుకు పోవాలె, ఏడాదికోసారి క్యాంపు చెయ్యాలె. యుద్ధమొస్తే దెబ్బలు తగిలినోళ్లను చూసుకునేటందుకు రిజర్వుల ఉంటం," అంది.

బ్రిటన్‌లో మేముండే ఈ కార్డిఫ్‌లో అందరి కోడళ్లూ ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుంటారు. మా పిల్ల మాత్రం బియ్యం నింపిన సంచి వీపున వేసుకుని వానలో పార్కు చుట్టూ తిరిగేది. బరువు మోస్తూ కొండెక్కే పరీక్ష ఉందట. నిరుడు కొద్దిలో తప్పింది. ఈసారీ తప్పితే స్టైపెండ్ ఆగుతుంది, చదువూ ఆగుతుంది. ఆ మాట చెప్పినప్పుడు దాని ముఖం చూడలేకపోయాను.

పరీక్ష రోజు పొద్దున అది స్నానానికి వెళ్లగానే నా చెయ్యి ఊరుకోలేదు. అక్కడ వాళ్లు పెట్టే ఉడకబెట్టిన ఆలుగడ్డలు తిని కొండెలా ఎక్కుతుంది? అది సర్దుకున్న సంచి అడుగున బట్టల కింద పెద్ద సీసాడు మామిడికాయ తొక్కు, సకినాల డబ్బా దూర్చేశాను.

అది వెళ్లాక మా అబ్బాయి నిశాంత్‌తో ఈ సంగతి గొప్పగా చెప్పాను. వాడు చాయ్ కప్పు కింద పెట్టేశాడు.

"అమ్మా! ఆమె ఆ సంచి తూకమేసి సర్దుకున్నది. ఫోన్ గూడ ఆడ తీసుకుంటరు. ఇప్పుడెట్ల చెప్పాలె?"

రోజంతా అన్నం ముట్టలేదు. దేవుడి పటం ముందు కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను.

సాయంత్రం రచన వచ్చింది. మోకాళ్లదాకా బురద. సంచి దించి ఖాళీ సీసా బయటికి తీసింది.

"పాసైన అత్తమ్మా! బరువు తక్కువుందేమో అనే చూసిండ్రు, ఎక్కువుంటే ఎవ్వరూ అడగలే. సగం కొండ ఎక్కంగనే కాళ్లు వణికినయ్. ఇన్ని నెలలు నడిచినా నాకు బలం రాలేదనుకొని ఏడుస్తనే ఎక్కిన. పైకి పోయి సంచి విప్పితే మీ తొక్కు! మా సార్జెంట్ అయితే వేలితోనే నాకేసిండు."

అది పడీ పడీ నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. లోపం తనదే అనుకుంది, అయినా ఆగలేదు. రేపు దెబ్బ తగిలినవాడు దీని చేతిలో పడితే మధ్యలో వదిలేస్తుందా? అబ్బ, ఎంత మొండిపిల్ల! నా కడుపున పుట్టకపోతేనేం.

బూట్లు విప్పించి, గోరువెచ్చని నూనె తెచ్చి, దాని పాదాలు ఒళ్లోకి తీసుకున్నాను.

"అయ్యో, మీరు నా కాళ్లు పట్టుడేంది అత్తమ్మా!" అంటూ లాక్కోబోయింది.

"సప్పుడు చెయ్యక కూసో," అని కసిరాను, మడమ మీది బొబ్బను తప్పించి నూనె రాస్తూ.