కెప్టెన్ కుర్చీ కింద వైరు

ఆ టగ్ బోటు హారన్ పొద్దున్నుంచీ ఉండుండి ఎవరూ నొక్కకుండానే గొంతు చించుకుంటోంది. బోట్లకు కరెంటు పనులు చేసే ఆవిడకు కబురు వెళ్లింది. కెప్టెన్ ఆవిడకు స్వయానా మేనమామ.

"పోయిన వారం నువ్వేసిన వైర్లేనే ఇవి! నా పరువు తీశావు," అంటూ ఆమె అడుగు పెట్టగానే అందుకున్నాడు.

తన పనికి వంక పెడితే ఆవిడకు ఒళ్లు మండుతుంది. విసవిసా ఇంజను గదిలోకి దిగి, నూనె నీళ్లలో బోర్లా పడుకుని గంటసేపు వైర్లన్నీ పరీక్షించింది. అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. పైకొచ్చేసరికి మామయ్య కుర్చీలో కూర్చున్నాడు. హారన్ మోగింది. లేచాడు, ఆగింది.

"మామయ్యా, మళ్లీ కూర్చో."

"నేను కూర్చోను."

ఆవిడే కుర్చీని పక్కకు లాగింది. హారన్ వైర్లోంచి దొంగతనంగా కలిపిన తీగ ఒకటి కుర్చీ కాలి కింద నలిగి, తొడుగు ఊడి ఉంది; బరువు పడ్డప్పుడల్లా హారన్ మోగేది అందుకే. దాని కొసన కరెంటుతో వేడెక్కే కాపడం దిండు! నౌక మీద ఒంటినొప్పులేమిట్రా అని ఇరవయ్యేళ్లుగా సిబ్బందిని వాయించిన మనిషి, ఆ సిబ్బంది ముందే ఎర్రబడిపోయాడు.

"మొలలే," అని గొణిగాడు.

"ముందే ఏడిస్తే నాకు ఆ నూనెలో ఈత తప్పేదిగా!"

తిడుతూనే దిండుకు విడిగా వైరు, ఫ్యూజు, స్విచ్చి బిగించింది. ఆయన భయంభయంగా కూర్చున్నాడు. హారన్ కిక్కురుమనలేదు.

వంటవాడు తల గోక్కుంటూ దగ్గరికొచ్చాడు. "అక్కా, నాక్కూడా ఒకటి..."

అతని వెనకే ఇంజను డ్రైవరు, ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు.