ఎర్ర గీత చెక్కలు

మా ఆయనకు పెళ్లాం మీద కంటే సెంట్రింగ్ చెక్కల మీద ప్రేమ ఎక్కువ. ప్రతి చెక్క అంచునా ఎర్రరంగు గీత పెట్టుకుంటాడు. స్లాబు కింద చెక్కలు ఊడదీసిన రోజు సైటంతా గాలించి, ఆ గీత ఎక్కడ కనిపిస్తే అక్కడినుంచి చెక్కను భుజానికెత్తుకొస్తాడు. మేస్త్రీ అయితే ఆయన్ని చూపించి మిగతావాళ్లకు నీతులు చెబుతాడు.

ఆ సాయంత్రం నేను తట్టలు కడుగుతుంటే వచ్చి, సైటులోనే ఉన్న మా రేకుల గది ముందు చెక్కలు దొంతరగా పేర్చి మీసం మెలేశాడు.

"చూశావా, ఒక్కటీ పోలేదు! ఎవరో తెలివైనవాళ్లు ఒకదాన్ని నీళ్ల సంపు మీద పడేశారు. అదీ లాక్కొచ్చా."

కడుగుతున్న తట్ట వదిలేసి లేచాను. ఆ తెలివైనదాన్ని నేనే. సంపుకు మూత పెట్టించండని మేస్త్రీని అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి, పొద్దున్నే ఆ చెక్క కప్పాను.

"పిల్లేదయ్యా?"

"నీ దగ్గర లేదా?"

మాకున్నది ఒక్కతే కూతురు. కాలు ఒకచోట నిలవదని పిచ్చుక అంటాం. గదిలో లేదు. ఇసుక గుట్ట మీద లేదు. ఇటుకల వెనకా లేదు. చువ్వలకు తగులుకుని చీర చిరిగింది. పరిగెడుతూనే ఆయన్ని తిట్టుకున్నాను, మేస్త్రీని తిట్టుకున్నాను, పిల్లను వదిలి రావడానికి ఇంకో చోటు లేని మా బతుకును తిట్టుకున్నాను.

సంపు దగ్గరుంది. అంచున బోర్లా పడుకుని, నీళ్లలోకి తాడు వదిలి ఆడుకుంటోంది. సగం ఒళ్లు లోపలికే వేలాడుతోంది.

అరవబోయాను. వెనకే పరిగెత్తుకొచ్చిన ఆయన నా నోరు మూశాడు. పిల్ల ఉలిక్కిపడితే అంతే సంగతులు. ఎప్పుడూ గొంతు చించుకునే మనిషి చెప్పులు విడిచి, పిల్లిలా వెళ్లి, దాని రెండు కాళ్లూ పట్టి వెనక్కి లాగాడు.

"నాన్నా, నా తాడు!" అని అది ఏడుపు లంకించుకుంది.

ఆయన దాన్ని గుండెలకు హత్తుకుని అక్కడే కూలబడ్డాడు.

కాసేపటికి లేచి, దొంతరలోంచి మంచి చెక్కలు ఏరి, అడ్డంగా బద్దలు వేసి మేకులు దిగ్గొట్టి సంపు మూశాడు. దాని మీద గడ్డకట్టిన సిమెంటు బస్తాలు కూడా పెట్టాడు.

మర్నాడు పొద్దున మేస్త్రీ చెక్కలు లెక్కపెట్టి కళ్లు పెద్దవి చేశాడు.

"ఏంటిది, నీ చెక్కలే తక్కువొచ్చాయా?"

"తక్కువేం రాలేదు," అన్నాడు మా ఆయన, పిచ్చుకను చంకనెత్తుకుని. "అవి పనిలో ఉన్నాయి. ముట్టుకోవద్దు."