మేనీ పళ్ళు

“మేనీకి పళ్ళు తోమావా?” అని ప్రణబేశ్ అడగని పొద్దు లేదు. పేపరు వెనక నుంచే అడుగుతాడు.

తోముతూనే ఉంటుంది కాకలి. పాత తువ్వాలులో పిల్లిని మెడదాకా చుట్టి, ఒళ్ళో ఆనించుకుని, చూపుడువేలికి మెత్తటి గుడ్డ చుట్టుకోవాలి. దానిమీద పిల్లుల కోసమే అమ్మే కోడిమాంసం వాసన పేస్టు కాస్త రాసి, పెదవి పైకెత్తి, చిగుళ్ళ పక్కనుంచి పళ్ళ బయటివైపు రుద్దాలి. లోపలివైపు సంగతి దాని గరుకు నాలుకే చూసుకుంటుంది. ఈ విద్య పట్టుబడటానికి మూడు వారాలు పట్టింది. మొదటి వారం వేలిమీది పేస్టు నాకించడం, రెండో వారం పెదవి తాకి వదిలేయడం, ఆ తర్వాతే పళ్ళు. తొందరపడితే ఇక జన్మలో నోరు తెరవదని పశువుల డాక్టరమ్మ హెచ్చరించింది. ఎదుటి ప్రాణి మనసు కనిపెట్టి, అలగకుండా పని జరిపించడం కాకలికి ఎవరూ నేర్పక్కర్లేదు. చందన్‌నగర్‌లోని ఈ ఇంట్లో కాపురానికొచ్చి ఇరవై మూడేళ్ళు. అన్నేళ్ళూ చేసిందదే.

డాక్టరమ్మ దాకా వెళ్ళకముందు ఒక ఘనకార్యం జరిగింది. పిల్లి నోరు కంపు కొడుతోందని తేలిన రోజు అత్తగారు, “ఆవనూనెలో ఉప్పు కలిపి రుద్దవే. మీ మామగారు పోయేదాకా దాంతోనే తోముకున్నారు, ఒక్క పన్ను ఊడలేదు” అంది. కాకలి రుద్దింది. మేనీ నోటినిండా నురగ కక్కి, ఆమె ముంజేతిని చీరేసి, బీరువా వెనక దూరి రెండు రోజులు బయటికి రాలేదు. “చదువుకున్నదానివి, ఆమాత్రం బుద్ధుండక్కర్లా?” అని ప్రణబేశ్ ఆ రెండు రోజులూ భార్యతో మాటలు మానేశాడు. అత్తగారు జపమాల తిప్పుతూ, “నేను మనుషుల మాట చెప్పానమ్మా. పిల్లికి రుద్దమన్నానా?” అంది. కాకలికి కోపం రాలేదు. కోపం రావాల్సిన చోట చాలా ఏళ్ళుగా ఏమీ కదలడం లేదు. గీరుకున్న చోట పసుపు అద్దుకుని చేపలు కడగడానికి వెళ్ళింది.

ప్రణబేశ్ సగం రోజు సెలవు పెట్టి మరీ మేనీని చూపించాడు. బుట్ట మోసింది కాకలే. “పిల్లి నొప్పని చెప్పదండీ, తింటూనే ఉంటుంది. ఒకవైపే నములుతోందా, మెత్తనివే ఏరుకుంటోందా అని మీరే కనిపెట్టుకుని ఉండాలి” అంది డాక్టరమ్మ. అప్పటినుంచి మేనీ తింటుంటే ప్రణబేశ్ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటాడు. సాయంత్రం ఫోను లైటు వేసి చిగుళ్ళు చూస్తాడు.

కాకలి దీపావళినాటి కాళీపూజ నుంచి ఎడమవైపే నములుతోంది. కుడి దవడలో చివరి పన్ను పుచ్చిపోయింది. అందరి భోజనాలూ అయ్యాక వంటింట్లో తింటుంది గనక ఎవరి కంటా పడలేదు. అసలు ఆమె నమలడం ప్రణబేశ్ ఎప్పుడైనా చూశాడా అంటే, పెళ్ళినాడు చూసి ఉంటాడు. చేపముళ్ళు పిప్పి అయ్యేదాకా నమలడమంటే ఆమెకి ప్రాణం. ఇప్పుడు ముళ్ళు పక్కకి తీసేసి, అన్నం పులుసులో పిసుక్కుని మింగుతోంది. ఎనిమిది నెలలైంది.

జ్యేష్ఠంలో అల్లుళ్ళని పిలిచి విందుపెట్టే జమాయి షష్ఠి వచ్చింది. ఆడపడుచు రింకు, ఆమె భర్త తమాల్ పొద్దున్నే దిగారు. అత్తగారు అల్లుడి నుదుట పెరుగు బొట్టు పెట్టి, చేతికి పసుపుదారం కట్టి, విసనకర్ర అందుకుంది. షష్ఠీదేవి వాహనం పిల్లే కాబట్టి మొదటి చేపముక్క మేనీకి. బొచ్చె తలకాయ అల్లుడికి. ఐదింటికి లేచి ఇవన్నీ వండిన కాకలికి బుగ్గ బూరెలా పొంగి ఉంది.

తమాల్ ఒళ్ళోకి ఎక్కిన మేనీ ఆవులించింది. “ఏం పళ్ళు బావా, ముత్యాలే! మా పక్కింటి పిల్లి నోరు తెరిస్తే ముక్కు మూసుకోవాలి.”

“ఊరికే వస్తాయా? రోజూ తోమాలి. నేను ఒక్క రోజు మానను” అన్నాడు ప్రణబేశ్.

మానడట. కాకలి గరిటె పట్టుకుని వింటూ నిలబడింది.

రింకు తలెత్తింది. “వదినా, ఆ బుగ్గేంటి అలా వాచింది?”

“ఎండలు” అంది అత్తగారు.

“పన్ను” అంది కాకలి.

ప్రణబేశ్ ఆమె మొహంలోకి చూశాడు. “నొప్పుంటే చెప్పాలి కదా! అదంటే నోరులేని జీవం. నీకేమైంది?” తమాల్ నవ్వాడు. అత్తగారూ నవ్వింది.

చెప్పకేం, కాకలి చెప్పింది. శ్రీపంచమినాడు సరస్వతీ పూజకి చెబితే, లవంగం పెట్టుకోమన్నాడు. హోలీకి చెబితే, ముందు మేనీ అపాయింట్‌మెంటు కానీ అన్నాడు. పోయిన వారం అతను లైటు వేసి మేనీ నోట్లోకి చూస్తుంటే, “నాదీ ఓసారి చూడండి, ఓర్చుకోలేకపోతున్నా” అంది. “కదలకు, కదలకు” అన్నాడు, పిల్లితో. గట్టిగా చెప్పలేదేమో, వేళ చూసి చెప్పలేదేమో అని ఇన్నాళ్ళూ తనని తానే అనుమానించుకుంది. ఆ అనుమానం ఇప్పుడు పోయింది. ఏడుపు మాత్రం రాలేదు. అదే ఆమెకి వింతగా అనిపించింది.

గరిటె గిన్నెలో పెట్టి చేతులు కడుక్కుంది. “పన్ను చూపించుకోడానికి వెళ్తున్నా. మామిడికాయ పచ్చడీ పాయసమూ వంటింట్లో ఉన్నాయి, వడ్డించుకోండి.”

అత్తగారి విసనకర్ర ఆగిపోయింది. “అల్లుడు విస్తరి ముందుండగానా? షష్ఠి పూటా?”

“సాయంత్రం నేనే తీసుకెళ్తాలే” అన్నాడు ప్రణబేశ్. అప్పటికే ఆమె చెప్పులు వేసుకుంది.

గంగ ఒడ్డు వీధిలో పళ్ళ డాక్టరు ముసలాయన. “తెరవండి... ఇంకొంచెం తల్లీ” అంటూ లైటు దగ్గరకి లాక్కుని చాలాసేపు చూశాడు. ఒక మనిషి అంత శ్రద్ధగా తన నోట్లోకి చూస్తుంటే కాకలి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. నొప్పా అని అడిగితే కాదని చెయ్యి ఊపింది. సూది గుచ్చాక దవడ బరువెక్కి, పెదవి ఎవరిదోలా అయిపోయింది. అప్పుడే ఫోను మోగింది. “పాయసంలో పంచదార వేశావా లేదా? అమ్మ అడుగుతోంది” అన్నాడు ప్రణబేశ్. ఫోను కట్టేసి సంచీలో పడేసింది.

పన్ను పీకి దూది పెట్టాక డాక్టరు కళ్ళజోడు తీశాడు. “పక్క పన్ను దక్కించుకోవచ్చు. నాలుగు వారాలు, వారానికోసారి, పొద్దున్న ఎనిమిదికే రావాలి. మీకు ఇంట్లో పనుల వేళ. ఇంట్లో అడిగి చెప్పండి.”

దూది కరుచుకునే, వంకరపోయిన పెదవితో కాకలి నెమ్మదిగా అంది. “పన్ను నాదే కదండీ, ఎవర్నడగాలి? తేదీలు రాయండి.”