తెల్ల గలిజేరు

ఆకు గుర్తుపట్టడంలో మల్లక్కకు ఊళ్ళో ఎదురులేదు. వానలు పడి చేలు పచ్చబడితే ఆడవాళ్ళు ఒడినిండా ఆకులు కోసుకొచ్చి ఆమె ముందు పోసేవారు. తినేదేదో, పారేసేదేదో ఆమె ఏరి ఇచ్చేది.

ఆ ఏడు ఆమె మొగుడు మద్దయ్యకు కాళ్ళు నీరుపట్టి వాచాయి. గలిజేరు వండిపెడితే వాపు తీస్తుందని ఆమె నమ్మకం. వెతుక్కుంటూ దేవేంద్రప్ప పత్తిచేను గట్టుదాకా పోయింది. నేలమీద పరుచుకున్న కొమ్మలు, జంటాకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పువ్వు తెలుపు. తెల్ల గలిజేరే, సందేహం లేదు. ఆకు తడిగా ఉంటే తెల్లవారుజామున పడిన తుంపర అనుకుంది.

దేవేంద్రప్ప వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

"కోసుకుంటానప్పా. మా ఆయప్పకు కాళ్ళు శానా వాచుండాయి."

ఆడవాళ్ళు ఆకులకని వచ్చి చేను తొక్కుతున్నారని ఆయనకు ఎప్పటినుంచో కడుపుమంట. ఆమెను పైనుంచి కిందికి చూశాడు.

"కోసుకో. ఎవరొద్దన్నారు?"

ఆమె మూడుసార్లు కడిగి పప్పులో వేసింది. కూర కొంచెమే అయిందని తాను ముట్టకుండా అంతా మద్దయ్యకే పెట్టింది. సాయంత్రానికి అతనికి వాంతులు. నోరంతా పుండైంది. కర్నూలు తీసుకుపోతే నాలుగోరోజు ప్రాణం పోయింది.

శవం ఇల్లు చేరకముందే మాట ఊరు చేరింది.

"ఆకు గుర్తు తప్పిందంట," అన్నారెవరో.

"తప్పిందో, కావాలనే తప్పిందో! తాను తినలేదంట గదా," అంది పక్కింటి వెంకటేశ్వరమ్మ.

మట్టిచేసిన మరునాడు మల్లక్క గట్టుకు పోయింది. గలిజేరొక్కటే కాదు, గరిక కూడా మాడిపోయి ఉంది. అప్పుడర్థమైంది ఆమెకు.

"ఆ పొద్దు కలుపుమందు కొట్టినావా అప్పా?"

"కొట్టినా."

"మరి నాకు చెప్పలేదే?"

"కోసుకుంటానంటివి, కోసుకోమంటిని. మందు కొట్టినావా అని అడిగితివా?"

ఆమె ఊళ్ళోకి పరుగెత్తి మరిది గోపన్నను పిలుచుకొచ్చేసరికి గట్టంతా ట్రాక్టరుతో దున్నేసి ఉంది.

"ఈడ మట్టి తప్ప ఏముండాది వదినా?" అని గోపన్న వెనక్కి తిరిగాడు.

నెల తిరగకుండా పత్తిలో కలుపుతీతకు పిలుపు వచ్చింది. ఊళ్ళో వేరే పని లేదు. మల్లక్క పోయింది. దేవేంద్రప్ప ఆమె వెనక నిలబడి, సాళ్ళన్నిటికీ వినబడేలా, "చూసి పీకు మల్లక్కా. నీకు ఆకులు గుర్తుండవు గదా," అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. మల్లక్క తలెత్తకుండా సాలు చివరిదాకా పీకుతూ పోయింది.