పులిబండిలో ఎడమ సీటు

చెరుకు సీజన్ మొదలైతే బోధన్‌లో ముత్యం షెడ్డుకు తీరిక ఉండదు. ఫ్యాక్టరీ దాకా ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఒకదానికి క్లచ్ పోతుంది, ఒకదానికి హుక్కు విరుగుతుంది, ఒకదానికి ఏమీ కాకున్నా డ్రైవర్‌కు ఛాయ్ తాగాలనిపిస్తుంది. ముత్యం అన్నీ చూస్తాడు. మధ్యాహ్నం ఎదురుగా ఉన్న హన్మవ్వ హోటల్లో తింటాడు. పొద్దుగూకితే షట్టర్ దించి, సైకిలెక్కి ఇంటికి పోతాడు. ఆ ఇంటికి తాళం వేసేదీ తనే, తీసేదీ తనే. పెళ్లయిన ఏడాదికే నందిపేట్‌లో పుట్టింటికి పోయిన భార్య మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదో ఆమె చెప్పలేదు, ఇతను అడగలేదు. పోయి అడగరాదా అని కొన్నాళ్లు పోరిన ఊరు కూడా తర్వాత ఆ సంగతే మరిచిపోయింది. ముత్యం మరిచిపోలేదు. రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు తన నమలడం తనకే వినబడి ఏడుపొచ్చేది.

తొంభై ఆరులో ఒకరోజు ఆ షెడ్డుకు ట్రాక్టర్ వెనక గొలుసుతో కట్టుకుని జాగ్వార్ కారొకటి వచ్చింది. ఇంగ్లండులో తయారైన నాలుగు డోర్ల బండి, ఒకప్పుడు రేసు బండిలా ఉరికేది. బానెట్ మీద దూకుతున్న జంతువు బొమ్మ ఉండడంతో ఊరు దానికి పులిబండి అని పేరు పెట్టింది. చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుగా పనిచేసిన ఆత్మారాం సారుది అది. ఆయనకు పెళ్లాం పిల్లలు లేరు. అయినా ఆ బండిలో ఏనాడూ ఒక్కడే పోలేదు. ముందు ఎడమ డోరు తీసేవాడు, కాస్త ఆగి మెల్లగా వేసేవాడు, అప్పుడు ఇటు తిరిగొచ్చి స్టీరింగ్ ముందు కూర్చునేవాడు. బండి ఎడమ వైపు నాలుగు వేళ్లు కుంగేది. సీటులో మాత్రం ఎవరూ కనబడేవారు కాదు. ఎవరింట్లో ఏ కూర వండారో వాసనతో చెప్పే బోధన్, ఈ ఒక్క విషయంలో ఆరా తీయకుండా పెద్దమనిషి తరహాగా ఉండిపోయింది.

సారు పోయాక బండి శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ క్వార్టర్ వెనక రేకుల కింద ఏళ్ల తరబడి పడి ఉంది. ఆయన అన్నకొడుకులు దాన్ని నిజామాబాద్‌లో టెంట్‌హౌస్ నడిపే రాజేశ్వర్ సేటుకు అమ్మేశారు. టైర్లు చచ్చిపోయాయి. తోలు సీట్లను ఎలుకలు కొరికాయి. డాష్‌బోర్డు చెక్క పొరలు పొరలుగా లేచింది. ఎడమ వైపు మాత్రం అలాగే కుంగి ఉంది.

హన్మవ్వ ఛాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి బండి చుట్టూ తిరిగి చూసింది.

"సారు పోయినా గీమె దిగలే సూడు. పాపం, యాడికి పోతది?"

"ఆడమనిషని నీకెట్ల ఎరుక అక్కా?"

"డోర్ ఏసే ముందట సారు జర ఆగుతుండె గద తమ్మీ. కొంగు లోపటికి తీసుకునేదాక ఆగద్దా మరి?"

రాజేశ్వర్ సేటు అదే సాయంత్రం వచ్చి పని చెప్పాడు.

"ఏనుగు సచ్చినా వెయ్యే అంటరు గని, నాకు గిది లేసి నడవాలె ముత్యం. పెండ్లిలల్ల బరాత్‌కు కిరాయికిస్త. పాత ఇంజన్ పెట్రోల్ మస్తు తాగుతది, తీసెయ్. డీజిల్‌ది ఎయ్యి. ఏసీ వెట్టు, పాటలకు డెక్కు వెట్టు. ఇగ గా వంకర తియ్యి. పెండ్లిపిలగాడు ఒక దిక్కు ఒరిగి కూసుంటే అత్తగారోల్లు నవ్వరా?"

"వంకర గాదు సేటు. మనిషున్నది."

"ఉంటే ఉండనీ. నేను దిగుమంటున్ననా? బండి సమంగ నిలవడాలె, గంతే."

పని మొదలైంది. ముత్యం చైన్ కట్టి పాత ఇంజన్ లేపాడు. హైదరాబాద్ నుంచి డీజిల్ ఇంజన్ తెప్పించాడు. అది కూర్చునే చోటు వేరు కాబట్టి కింద కొత్త పట్టీలు వెల్డింగ్ చేశాడు, షాఫ్టు లేత్ మిషన్ మీద కోయించాడు. మీటర్ల అద్దాలు తుడిచి వెనక ముళ్లు మళ్లీ ఆడేలా చేశాడు. వైర్లన్నీ పీకి కొత్తవి లాగుతున్నప్పుడు స్టీరింగ్ కింద తల పెట్టి పడుకుని, తనలో తను అనుకున్నట్టుగా "గీ ఎర్ర వైర్ యాడికి పోతున్నది?" అన్నాడు. ఎడమ సీటు కిర్రుమంది. వినబడినందుకు ఎవరైనా కాస్త ఇటు తిరిగి కూర్చుంటే ఎలా ఉంటుందో అలా.

ఆ రోజు నుంచి ముత్యం నోరు ఆగలేదు. అన్నం గిన్నె హన్మవ్వ హోటల్ నుంచి తెచ్చుకుని బండిలోనే తినేవాడు. కోటగిరి కాలువలో చిన్నప్పుడు ఈత నేర్చుకున్న సంగతి చెప్పాడు. తల్లి బీడీలు చుడుతూ దగ్గి దగ్గి పోయిన సంగతి చెప్పాడు. ఎవరికీ చెప్పనిది కూడా ఒకనాడు చెప్పాడు.

"నేను నా పెండ్లాంతోని ఒక్క మాటనలే. నిజంగ. మంచిగున్నవా అనలే, కూర మంచిగైంది అనలే, ఏమీ అనలే. గందుకే పోయిందేమో."

సీటు చిన్నగా కిర్రుమంది. ముత్యం అన్నం గిన్నె పక్కన పెట్టి భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"కొత్త కోడలు ఇంటికొచ్చినట్టు కోడి కూయకముందే షెడ్డు తెరుస్తున్నవేందిరో" అని హన్మవ్వ ఆటపట్టించింది. ముత్యం సిగ్గుపడ్డాడు. సిగ్గుతో పాటు భయమూ పట్టుకుంది. పని అయిపోతే బండి పోతుంది, బండితో ఆమె పోతుంది. అందుకే అబద్ధాలు మొదలుపెట్టాడు. రంగు ఎండలేదన్నాడు. ఏసీ పైపు దొరకలేదన్నాడు. పెళ్లిళ్లు దగ్గర పడేసరికి సేటుకు కోపం వచ్చింది.

"నీతోని గాకుంటె చెప్పు, హైదరాబాద్‌కు తీస్కపోత."

ముత్యం ఆ మాటకు దిగి వచ్చాడు. హైదరాబాద్ వాళ్లు సీటు పీకి తుక్కులో పారేస్తారు. ఆమె సంగతి వాళ్లకేం తెలుసు? అందుకని తనే పూర్తి చేశాడు. ఎడమ స్ప్రింగు కింద మందపాటి ఇనుప బిళ్లలు పెట్టాడు. ఆమె కూర్చుని ఉండగా బండి సరిగ్గా సమంగా నిలబడేటట్టు, కొంచెం కొంచెం ఎక్కిస్తూ, దూరం నుంచి చూసుకుంటూ సరిచేశాడు. సీటుకు కొత్త తోలు వేయించాడు గానీ లోపలి స్ప్రింగులు ముట్టుకోలేదు. అలవాటైన సీటు మారిస్తే ఆమెకు నడుము పడుతుందని అతని బాధ.

సేటు తన భార్య శ్యామలమ్మను, పంతులును వెంటబెట్టుకుని వచ్చాడు. షెడ్డు ముందర ఊడ్చి నీళ్లు చల్లారు. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. బానెట్ మీది బొమ్మ మెడలో బంతిపూల దండ వేశారు.

"పూజ అయ్యేదాక బండిల ఎవరుండద్దు. ఉంటె దిగుమనుండ్రి" అన్నాడు పంతులు.

ముత్యం ఎడమ డోరు తీసి పట్టుకున్నాడు. బండి ఎడమ వైపు మెల్లగా లేచింది. పంతులు తలూపి మంత్రం అందుకున్నాడు.

"మల్ల వంకరైందేంది?" సేటు ముత్యం చెవిలో గొణిగాడు.

"దిగింది గద సేటు. ఎక్కితే సరైతది."

హారతి ఇచ్చారు, కొబ్బరికాయ కొట్టారు. సేటు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. శ్యామలమ్మ ఎడమ సీట్లో కూర్చుని డోరు వేసుకుంది. మొగుని పక్కన పెళ్లామే కదా కూర్చోవాలి, అందులో తప్పేముంది? బండి సమంగా నిలబడింది. "శభాష్ ముత్యం!" అని సేటు అరిచాడు. నిమ్మకాయలు నలిగాయి. హారన్ కొట్టుకుంటూ పులిబండి నిజామాబాద్ రోడ్డెక్కింది.

ముత్యం చెయ్యి ఊపాడు. ఊపుతూ ఊపుతూ ఆగిపోయాడు. బండి సమంగా పోతోంది. ఆమె మీద శ్యామలమ్మ బరువు కూడా పడితే బండి ఎడమకు కుంగాలి. కుంగలేదంటే ఆమె అందులో లేదు.

"అక్కా, ఆమెను ఎక్కుమనలే!" అన్నాడు.

హన్మవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! దిగుమన్నోల్లమే గదరా ఎక్కుమనాలె. పిలువంది ఎట్లెక్కుతది?"

విస్తరి ముందు నుంచి మనిషిని లేపి, మళ్లీ కూర్చోమనడం మరిచినట్టయింది. ఇద్దరూ రోడ్డు అటూ ఇటూ చూశారు. నేల మీద నిలబడితే ఆమె జాడ ఎలా తెలుస్తుంది? చెరుకు ట్రాక్టర్లు దుమ్ము లేపుతూ పోతున్నాయి. ముత్యం పొద్దుగూకేదాకా షెడ్డు ముందరే నిలబడ్డాడు. భార్య తనంతట తను పోయింది. ఈమెను తనే చేత్తో డోరు తీసి దింపాడు.

చివరికి షట్టర్ దించి, సైకిల్ స్టాండు తీసి, ఎవరు వింటారని చూసుకోకుండా గట్టిగా అన్నాడు.

"మరిచిపోయిన. తప్పు నాదే. నా దగ్గర గీ సైకిలే ఉన్నది, జాగ్వార్ గాదు. రావాలనిపిస్తే రా."

సైకిల్ కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి చూడలేదు. చూస్తే ఏమీ ఉండదేమోనని భయం. ఎక్కి తొక్కాడు. పెడల్ బరువుగా తిరిగింది, ఎదురుగాలి అనుకున్నాడు. మూల తిరిగితే గాలి వెనక నుంచి వచ్చింది. అయినా బరువు తగ్గలేదు. భోజన్న సైకిల్ షాపు దాకా వచ్చేసరికి వెనక చక్రం రిమ్ము నేలకు తగులుతోంది.

భోజన్న వంగి టైరు నొక్కి చూశాడు. "పంచర్ గాదు. పాత ట్యూబు, బరువాగుతలేదు. గాలి కొట్టిస్తే గియ్యాల్టికి నడుస్తది. రోజు ఇద్దరేనా?"

అది ముత్యం చెప్పే మాట కాదు. వెనక్కి తిరిగి, ఖాళీ క్యారియర్ వైపు చూసి, జీవితంలో మొదటిసారి అడిగాడు.

"ఉంటవా?"

క్యారియర్ స్ప్రింగు కిర్రుమంది.

"కొత్త ట్యూబెయ్ అన్నా" అన్నాడు ముత్యం. "రోజు ఇద్దరమే."